మా పాట పిరియడ్ మాకు ఇవ్వండి

వారానికి ఒక్కటంటే ఒక్క పాట పిరియడ్ ఉండేది మాకు. శుక్రవారం, ఆఖరి గంట. పదో తరగతికి వచ్చేసరికి దాన్ని లెక్కలకు ఇచ్చేశారు. అడిగితే "పాటకు మార్కులొస్తాయా?" అంటారు. ఈ మాట నేను ఒప్పను.

మార్కులు రావు, నిజమే. కానీ పరీక్షల నెలలో మా తరగతిలో ఎంతమందికి నిద్ర పట్టదో, ఎంతమందికి అన్నం దిగదో ఎవరైనా అడిగారా? పెద్దలు చెప్పేది ఒకటే: "టెన్షన్ పడొద్దు." చెబితే పోయేదా అది? అందరం కలిసి పాడేటప్పుడు చూడండి. పల్లవి ఒక్క ఊపిరిలో అనాలంటే గాలి నిండా పీల్చి మెల్లగా వదలాలి. ఊపిరి నెమ్మదిస్తే గుండె దడా తగ్గుతుంది. పక్కవాడితో గొంతు కలపాలంటే వాణ్ణి వినాలి. వింటున్నంతసేపూ మన దిగులు మనకు గుర్తు రాదు. యోగాసనాలకిచ్చే విలువ దీనికెందుకివ్వరో!

మనసుకు నచ్చిన సంగీతం వినేటప్పుడు మెదడులో డోపమైన్ విడుదలవుతుందని 2011లో కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయం వాళ్లు చూపించారు. పక్షవాతంతో మాట పడిపోయినవాళ్లలో కొందరు, నోట పలకలేని మాటల్ని పాటగా పాడగలుగుతారు. దాన్ని ఆధారం చేసుకుని మళ్లీ మాటలు నేర్పే పద్ధతి 1970ల నుంచీ ఉంది.

అలాగని "ఈ రాగం వింటే షుగరు పోతుంది, ఆ రాగం వింటే బీపీ పోతుంది" అని ఫోన్లలో తిరిగే మాటలు నేను నమ్మను. మందు మాని పాట వినమనేవాడు పాటకే చేటు చేస్తాడు. అలాంటివి విన్నందుకే చదువుకున్నవాళ్లు పాటను తేలిగ్గా తీసేస్తున్నారు.

మా అవ్వకు ఇవేవీ తెలియవు. రాగి చేలో కలుపు తీసేటప్పుడు ఒకరు అందుకుంటే అందరూ పలికేవాళ్లట. "పాట లేకుంటే ఆ ఎండకు నడుము లేస్తుందా?" అంటుంది. ఆ పాటలు మాకు రావు. ఎవరు నేర్పారు గనుక?

ఇంకొక సంగతి. త్యాగరాజస్వామి (1767–1847) మన తమిళనాడులోనే, తిరువయ్యారులో ఉండి తెలుగులో కీర్తనలు చేశారు. ప్రతి ఏడూ పుష్య బహుళ పంచమినాడు అక్కడ వందలమంది ఒక్క గొంతుగా పంచరత్నాలు పాడతారు. వాళ్లలో చాలామందికి తెలుగు ఇంటిభాష కాదు. తెలుగు ఇంట్లో పుట్టి, తెలుగు బడిలో చదివే మేము ఆ గంటలో త్రికోణమితి చేస్తున్నాం. త్రికోణమితి మీద నాకేం కోపం లేదు, దానికి వారంలో వేరే గంటలున్నాయి కదా.

పాట నేర్పేవాళ్లు లేరంటారా? మా ఊరి భజన మందిరంలో పాడే తాతలున్నారు, పిలిస్తే సంతోషంగా వస్తారు. హార్మోనియం బీరువా మీదే ఉంది, దుమ్ము మేమే దులుపుకుంటాం. శుక్రవారం ఆఖరి గంట ఇవ్వండి చాలు.