బయటపడ్డ సరిహద్దు రాయి

పెద్దాపురం నుంచి జగ్గంపేట వైపు వెళ్లే దారిలో, రోడ్డు దిగి కాస్త లోపలికి నడిస్తే మాకు బాబాయి వరసయ్యే ఒక రైతు చేను ఉంది. ఎకరంన్నర గరువు నేల. పాతికేళ్లుగా ఆయన అందులో కర్రపెండలమే వేస్తున్నాడు. పోయిన వారం చేను చూసి రావడానికి వెళ్తే పంట మాటే ఎత్తలేదు. నేరుగా పై గట్టు మూలకు తీసుకెళ్లి సరిహద్దు రాయి చూపించాడు.

"అబ్బాయ్, నా పెళ్లయిన ఏడు ఈ రాయి మెడదాకా భూమిలో ఉండేది. ఇప్పుడు చూడు."

చూశాను. రాయి మోకాలెత్తున నిలబడి ఉంది. పై భాగం ఎండకూ వానకూ నల్లబడింది. దాని కింద జానెడు మేర మాత్రం ఇంకా ఎర్రగా, మట్టి రంగు వదలకుండా ఉంది. నిన్నమొన్నటి దాకా భూమిలో ఉన్న భాగం అది. బాబాయి వంగి ఆ ఎర్రటి జానెడు మీద చెయ్యి పెట్టి, "ఇదంతా మా చేనే" అన్నాడు.

ఆ మూల వాలు ఎక్కువ. చేను మొత్తం మీద అంత మట్టి పోయి ఉండదు. కానీ ఎంత తక్కువ పోయినా లెక్క చిన్నది కాదు. ఎకరం నేల మీద ఒక్క మిల్లీమీటరు మందం మట్టి, అంటే రూపాయి బిళ్లంత మందం కూడా లేనిది, 4 ఘనపు మీటర్లు అవుతుంది. బరువు సుమారు 6 టన్నులు. రెండు ట్రాక్టర్ల మట్టి. బాబాయి రెండేళ్లకోసారి అప్పు చేసి తోలించే పెంట కూడా అంతే ఉంటుంది. అంటే ఆయన డబ్బు పెట్టి తెచ్చి వేసేదంత బరువు, ఒక గట్టి వానాకాలంలో ఎవరికీ కనిపించకుండా చేను దాటి పోగలదు. పోయేది కూడా పైపైన ఉండే సారమే. ఎరువు కలిసిందీ, వేరు పట్టిందీ, వానపాము తిరిగిందీ ఆ పొరలోనే. ఆ పొర మొత్తం పోతే మళ్లీ తయారు కావడానికి వందల ఏళ్లు పడుతుంది.

కర్రపెండలం మా మెట్టకు అన్నం పెట్టిన పంట. పెద్దాపురం, రంగంపేట, గండేపల్లి చేలల్లో తవ్విన దుంప సామర్లకోట, పెద్దాపురం మిల్లుల్లో సగ్గుబియ్యమై దేశమంతా తిరిగింది. ఈ పంట మీద పనిచేసే ఉద్యాన పరిశోధన కేంద్రం కూడా మా పెద్దాపురంలోనే ఉంది. నీళ్లు సరిగా లేని నేలలో, పెద్ద పెట్టుబడి లేకుండా బతికే పంట కాబట్టే పేద రైతు దీన్ని పట్టుకున్నాడు. కానీ వాలు నేలలో ఈ పంట మట్టిని నిలబెట్టదు. తొలకరికి మూడడుగుల ఎడంతో కర్ర ముక్కలు నాటుతారు. ఆకు కమ్ముకుని నేలను కప్పడానికి మూడు నెలలు పడుతుంది. ఆ మూడు నెలలే నైరుతి వానలు దంచి కొట్టే కాలం. చినుకు నేరుగా బోడి మట్టి మీద పడుతుంది. ఎనిమిది, పది నెలలకు దుంప పీకేటప్పుడు నేలంతా మళ్లీ గుల్ల అవుతుంది. మధ్య సాళ్లలో మినుమో, పెసరో, అలసందో చల్లితే నెల తిరక్కుండా పచ్చగా కప్పుతుంది. బోదెలు వాలుకు అడ్డంగా తోలితే నీటికి పరుగు తగ్గుతుంది. ఇవి బాబాయికి తెలియనివి కావు. "ట్రాక్టరు వాడు ఎటు తిప్పుకోవడానికి వీలైతే అటే తోలతాడు. అడ్డంగా తోలమంటే గంటకు ఇంకాస్త అడుగుతాడు" అన్నాడు. మట్టి పోవడానికీ ఉండడానికీ మధ్య తేడా కొన్నిసార్లు ట్రాక్టరు గంట బాడుగ దగ్గర ఆగిపోతోంది.

ఈ బాధ కిందనున్న డెల్టాకు తెలియదు. అక్కడి నేల గోదావరి తెచ్చి పరిచిన ఒండ్రు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక కాలువ వచ్చింది, కాలువ వెంట ప్రభుత్వం వచ్చింది. నీటి లెక్క, శిస్తు లెక్క, లస్కర్లు, లాకులు అన్నీ వచ్చాయి. పల్లంలో గట్టు వేసేది నీటిని ఆపడానికి, మెట్టలో వేయాల్సింది మట్టిని ఆపడానికి. ఏలేరు, పుష్కర ఎత్తిపోతల వల్ల మెట్టలో కొంత భాగానికి నీళ్లొచ్చాయి. అది గొప్ప మేలే. కానీ నీటికి ఇంజనీరు ఉన్నట్టు మట్టికి ఎవరున్నారు? ఏ ఊళ్లో ఎంత మట్టి పోయిందో రాసుకునే పుస్తకం మా మండలంలో ఎక్కడా నాకు కనిపించలేదు.

వానకు పోయే మట్టి ఒక ఎత్తు, టిప్పర్ల మీద పోయేది మరొక ఎత్తు. రామేశంపేట, ఆనూరు మెట్టల్లో గ్రావెల్ తవ్వకాల గురించి పత్రికల్లో ఏళ్ల తరబడి వస్తూనే ఉంది. ఒకసారి ఆ గోతుల అంచున నిలబడి చూడండి. పొక్లెయిన్ కోసిన గోడ నిట్టనిలువుగా ఉంటుంది. దాని పైఅంచున బెత్తెడు మందాన ముదురు రంగు పొర, అందులోంచి వేలాడే గడ్డి వేళ్లు. కింద ఇరవై ముప్పై అడుగులు ఎర్ర గ్రావెల్. నేను చూసిన గోతి మధ్యలో ఒక తాటిచెట్టును వదిలేశారు. చుట్టూ తవ్వేయగా, మట్టి స్తంభం మీద అది ఒక్కటే మిగిలింది. దాని వేళ్లు సగం గాలిలో ఉన్నాయి. లారీకి ఎక్కిన సరుకు గ్రావెల్. ఆ బెత్తెడు పైపొరను ఎవరూ కొనలేదు, ఎవరూ దాచలేదు, పక్కకు నెట్టేశారు. తర్వాతి వానకు అదీ పోయింది.

ఆ మట్టంతా ఎక్కడికి పోతోంది? జాతీయ రహదారికి, కాకినాడ వైపు కొత్త కట్టడాలకు, పల్లపు వరిచేలల్లో వేసే లేఅవుట్ల మెరకకు. నేను ఉంటున్న ఇల్లు కూడా మెరక చేసిన స్థలంలోనే కట్టాం. దాని పునాది కింద ఉన్నది ఈ మెట్ట మట్టే. అందుకే తవ్వకాలు మొత్తం ఆపేయమని నేను అనలేను. రోడ్డు కావాలి, ఇల్లు కావాలి. నా ప్రశ్న వేరు. తవ్వినవాడు ఆ నేలను ఏ స్థితిలో వదిలి వెళ్తున్నాడు?

చట్టం ఈ ప్రశ్న వేయకుండా ఊరుకోలేదు. దీపక్ కుమార్ కేసులో 2012 ఫిబ్రవరి 27న సుప్రీంకోర్టు, 5 హెక్టార్ల లోపు ఉన్నా సరే, గ్రావెల్ లాంటి చిన్న ఖనిజాల లీజుకు పర్యావరణ అనుమతి తప్పదని చెప్పింది. 2020 మార్చి 28న కేంద్రం ఒక నోటిఫికేషన్ ఇచ్చి, రోడ్లు, పైపులైన్ల పనులకు తవ్వే మామూలు మట్టికి ఆ అనుమతి అక్కర్లేదంది. ఆ మినహాయింపును 2024 మార్చి 21న సుప్రీంకోర్టు కొట్టేసింది. మట్టి కూడా అనుమతి అడిగి తీసుకోవాల్సిన ఆస్తి అని దేశపు అత్యున్నత న్యాయస్థానం చెప్పినట్టే. మా గోతుల దగ్గర మాత్రం ఆ తీర్పు ఛాయ కూడా కనిపించదు.

మట్టి పోగొట్టుకుని కళ్లు తెరిచిన దేశం ఒకటుంది. అమెరికా మధ్య మైదానాల్లో గడ్డి నేలలను గోధుమ కోసం దున్నేశారు. 1930లలో కరువు రాగానే ఆ మట్టి గాలికి లేచింది. 1935 ఏప్రిల్ 14 ఆదివారం నాడు పగలే చీకటి పడింది. దాన్ని నల్ల ఆదివారం అన్నారు. మరో రెండు వారాలు తిరక్కుండా ఏప్రిల్ 27న అక్కడ నేల పరిరక్షణ చట్టం వచ్చింది. దాని వెనుక పట్టుదలగా నిలిచిన మనిషి హ్యూ హామండ్ బెన్నెట్. 1934 నుంచి 1942 వరకు ఉత్తర డకోటా నుంచి టెక్సస్ దాకా గాలికి అడ్డుగా దాదాపు 22 కోట్ల చెట్లు నాటారు. వాలుకు అడ్డంగా దున్నకం, పట్టీలు పట్టీలుగా పంట, బీడు పడ్డ నేలలో మళ్లీ గడ్డి.

నాకు వీటన్నిటికంటే ముఖ్యంగా తోచింది 1956లో వాళ్లు తెచ్చిన మరో చట్టం. 1950లలో మళ్లీ కరువు వచ్చి మళ్లీ దుమ్ము లేచింది. అప్పుడు పది మైదాన రాష్ట్రాల్లో ప్రభుత్వం ఒక్కొక్క రైతుతో విడిగా ఒప్పందం రాసుకుంది. తన పొలం మొత్తానికి రైతు ప్రణాళిక వేసుకోవాలి. గట్టు, గడ్డి, చెట్టు ఏది ఎక్కడ పెడతాడో చెప్పాలి. ఖర్చులో వాటా ప్రభుత్వం పెడుతుంది. గడువు పదేళ్ల దాకా. నేల ఒక ఏడాదిలో తేరుకోదని గుర్తించి, అన్నేళ్లూ రైతు పక్కన నిలబడతామని కాగితం మీద రాసిచ్చారు.

మన దగ్గర తెలివి లేక కాదు. 1954లోనే బళ్లారిలో కేంద్ర నేల పరిరక్షణ పరిశోధన కేంద్రం మొదలైంది. లోతైన నల్లరేగడిలో వాలుకు అడ్డంగా ఒకే మట్టంలో సమతల గట్టు వేస్తే వెనక నీరు నిలిచి గట్టు తెగుతుందని మెట్ట వ్యవసాయ పరిశోధన మనకు నేర్పింది. ఎర్ర నేలలో నీరు త్వరగా ఇంకుతుంది కాబట్టి గట్టు నిలుస్తుంది. కానీ మా పెద్దాపురం మెట్టలో ఏటా వెయ్యి మిల్లీమీటర్లకు పైగా వాన పడుతుంది. వాన తక్కువ పడే అనంతపురానికి సరిపోయే గట్టు ఇక్కడ సరిపోదు. కాస్త వాలు ఇచ్చి, మిగులు నీరు గడ్డి పెరిగిన కాలువలోంచి నెమ్మదిగా దిగేటట్టు వేయాలి. గట్టు మీద వట్టివేరు నాటితే దాని వేరు నిలువుగా దిగి మట్టిని పట్టుకుంటుంది. ఉపాధి హామీలో తవ్వించిన కందకాలు చాలాచోట్ల పూడిపోయాయి. తవ్వడానికి డబ్బిచ్చారు, ఏటా పూడిక తీయడానికి ఇవ్వలేదు.

అందుకే నేను అడిగేది ఇది. గ్రావెల్ లీజు ఇచ్చేటప్పుడే పై అడుగు మట్టిని విడిగా పోగు పెట్టించాలి. తవ్వకం అయ్యాక నిలువు గోడను వాలుగా దించి, ఆ మట్టిని తిరిగి పరిపించాలి. తొలకరికి ముందే జనుము, జీలుగ చల్లించాలి. తర్వాత జీడిమామిడో, సీతాఫలమో, కానుగో వేయాలి. ఇదంతా చేశాకే కాంట్రాక్టరు ధరావతు తిరిగివ్వాలి. తవ్విన గ్రావెల్ మీద ప్రభుత్వం వసూలు చేసే సీనరేజిలో ఒక వాటా ఆ ఊరి చేలలోనే గట్లకు, చెరువు పూడిక మట్టి తోలడానికి పదేళ్ల లెక్కన ఖర్చు కావాలి. ఊరి మట్టి అమ్మితే వచ్చిన సొమ్ము ఊరి మట్టికే తిరిగి రావాలని అడగడం అత్యాశ అని నేననుకోను.

తిరిగి వచ్చేటప్పుడు బాబాయి చేను కింది మూలకు వచ్చాం. అక్కడ ఆయన మంచం పట్టేంత గొయ్యి తవ్వుకున్నాడు. పోయిన వానలకు పైనుంచి కొట్టుకొచ్చిన మట్టి అందులో మెత్తగా పేరుకుని ఉంది. పిన్నీ, ఆయనా కలిసి దాన్ని తట్టలకెత్తి మళ్లీ పై గట్టు దగ్గర పోస్తున్నారు. నేను వెళ్లేసరికి ముప్పై రెండు తట్టలు అయ్యాయట. పిన్ని లెక్క తప్పకుండా గట్టు మీద గులకరాళ్లు వరసగా పెడుతోంది.