ఆజ్ఞయు ధర్మమును

చెప్పినమాట వినుటయే బిడ్డలకు భూషణమని చీడికాడలోని మా యింటను మేము బోధించుచుంటిమి. మైలై వృత్తాంతము చదివినపిదప ఆ బోధ చాలదని తోచినది.

వియత్నాము యుద్ధమున 1968 మార్చి 16వ తేదీని ఆ గ్రామమున అమెరికా సైనికులు వృద్ధులను, స్త్రీలను, పసికందులను వందలకొలది చంపిరి. దళనాయకుడు విలియం కాలీ పైయధికారి యాజ్ఞనే పాలించితినని వాదించెను. సైనిక న్యాయస్థానము ఆ వాదమును త్రోసిపుచ్చి, 1971 మార్చిలో 22 హత్యల దోషము నిర్ణయించి యావజ్జీవశిక్ష విధించెను. శిక్ష క్రమముగా తగ్గి, 1974లో అతడు విడుదలయ్యెను. దోషిగా తేలినవాడును అతడొక్కడే!

ఆ దినముననే హ్యూ థాంప్సన్ అను చోదకుడు తన హెలికాప్టరును సైనికులకును గ్రామస్థులకును నడుమ దింపి కొందఱి ప్రాణములు కాచెను.

ప్రభువునకు ప్రియము చేయనెంచి నిద్రించు ఉపపాండవులను జంపిన యశ్వత్థామను మన పెద్దలు మెచ్చిరా? విధేయతతోపాటు, తగనిపనికి కాదనుటయు బిడ్డలకు మనమే నేర్పవలెను.