షాంఘై పాఠము

2018 అక్టోబరులో చైనాయందలి షాంఘైలో జరిగిన 'కౌంటర్ స్ట్రైక్' అను తుపాకి ఆట పోటీలో భారతీయ ఆటగాడొకడు ఆట నడుమనే పట్టుపడెను. శత్రువుపై గురి నిలుపుటకు తోడ్పడు దొంగ సాధనమొకటి 'వర్డ్' అను మారుపేరుతో అతని కంప్యూటరులో దాగియుండెను. నిర్వాహకులు సమీపింపగా దానిని చెరిపివేయజూచెను. జట్టంతయు బహిష్కృతమయ్యెను, తక్కిన నలుగురి శ్రమయు అతనితోనే మునిగెను. అతనికి ఐదేండ్ల నిషేధము విధింపబడెను.

ఆటయే కదా యని పెద్దలు దీనిని చులకన చేయరాదు. పరదేశమున దేశము పేర నాడువాని మోసము దేశమునకే మచ్చ. కాని శిక్ష ఆటగానితోనే ముగియుట న్యాయమా? ఆ సాధనములను వ్రాసి, వెలకట్టి యమ్ము వర్తకుల మాటేమి? దక్షిణ కొరియా 2016లోనే చట్టము చేసి, అట్టివారికి ఐదేండ్లవరకు చెరసాల విధింప వీలు కల్పించినది.

ఆటల కంపెనీలు కొన్ని మోసమును పట్టుటకై ఆటగాండ్ర కంప్యూటరుల అంతర్భాగమున కావలి ప్రోగ్రాములను నిలుపుచున్నవి. దొంగకై ఇల్లిల్లు సోదాచేయుటకన్న దొంగసొత్తు అంగడిని మూయించుట మేలు. 2025 చట్టముతో ఈ-స్పోర్ట్స్‌ను క్రీడగా గుర్తించిన మన ప్రభుత్వము ఈ కర్తవ్యమునకును పూనుకొనవలెనని మేము కోరుచున్నాము.