గోప్యత ఎవరికి కవచం?

కొద్ది వారాల క్రితం ఒక పరిశోధక విద్యార్థి నా గదికి వచ్చి, తలుపు దగ్గరగా వేసి, తన ఫోను నా బల్ల మీద పెట్టాడు. అతని సొంత ఊరివైపు ఒక ప్రజాప్రతినిధి తన అనుచరులతో నడిపే వాట్సాప్ గ్రూపులోని సందేశాల స్క్రీన్‌షాట్లవి. సంక్షేమ హాస్టల్ మరమ్మతు నిధులను మరో పనికి మళ్లించే మంతనాలు అందులో ఉన్నాయి. ఆ హాస్టల్లో చదివే పిల్లల కులం గురించి ఇక్కడ రాయలేని మాటలున్నాయి. నిధుల సంగతి అడిగినందుకు అక్కడ వంట చేసే మహిళ మీద, ఆమె పేరు పెట్టి, ఆమె ఇంటి విషయాలు లాగి చేసిన పరిహాసం ఉంది. అదే వరుసలో ఆ నాయకుడి కుటుంబంలో ఒకరి అనారోగ్యం గురించిన సందేశాలూ ఉన్నాయి. గ్రూపులో సభ్యుడైన ఒక యువకుడే, చూసి ఊరుకోలేక వీటిని పంపాడట. ‘సార్, ఇవి పత్రికకు ఇచ్చేయమంటారా?’ అని విద్యార్థి అడిగాడు.

రాజ్యాంగాన్నీ కులాన్నీ కలిపి పదిహేనేళ్లుగా పాఠం చెబుతున్న నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను.

ఇలాంటి ప్రశ్నకు మన సమాజంలో రెండు జవాబులు సిద్ధంగా ఉంటాయి. ప్రజాజీవితంలోకి వచ్చినవాడికి సొంత జీవితం అంటూ ఏముంటుంది, అంతా బయటపెట్టాల్సిందే అన్నది ఒకటి. పరాయి ఉత్తరం చదవడమే తప్పు, దాన్ని అచ్చువేయడం మరింత తప్పు అన్నది రెండోది. మొదటి జవాబు ఆ వంట చేసే మహిళను నలుగురిలో మరోసారి అవమానిస్తుంది. రెండో జవాబు హాస్టల్ పైకప్పు కారుతున్నా నోరు మూసుకోమంటుంది. గోప్యత మంచిదా చెడ్డదా అన్న చర్చ మనల్ని ఎక్కడికీ చేర్చదు. ఆ గోప్యత ఎవరిని ఎవరి నుంచి కాపాడుతోంది అన్నదే అసలు ప్రశ్న.

అమెరికా పాలనలో ఉన్న కరీబియన్ దీవి ప్యూర్టోరికో ఈ ప్రశ్నను 2019లో ఎదుర్కొంది. గవర్నర్ రికార్డో రొసెయో, ఆయన సన్నిహితులు పదకొండు మంది టెలిగ్రామ్‌లో జరుపుకున్న సంభాషణలు ఆ ఏడాది జూలై 13న వెలుగుచూశాయి. మొత్తం 889 పేజీలు. ప్రచురించింది అక్కడి సెంటర్ ఫర్ ఇన్వెస్టిగేటివ్ జర్నలిజం. పన్నెండు మందీ మగవారే. మహిళా నాయకులను బూతులు తిట్టుకున్నారు. గాయకుడు రికీ మార్టిన్ లైంగికతను ఎగతాళి చేశారు. మారియా తుఫాను దీవిని ధ్వంసం చేసి రెండేళ్లు కూడా గడవని రోజుల్లో, శవపరీక్షల విభాగంలో పేరుకున్న మృతదేహాల మీద జోకులు వేసుకున్నారు. పని ఒత్తిడిని దించుకోవడానికి ఆడిన మాటలవి అని గవర్నర్ సంజాయిషీ ఇచ్చుకున్నారు. ప్రజలు దాన్ని అంగీకరించలేదు. లక్షల మంది వీధుల్లోకి వచ్చారు. జూలై 24న ఆయన రాజీనామా ప్రకటించారు.

ఈ ఉదంతంలో బూతులకే ఎక్కువ ప్రచారం దక్కింది. నా దృష్టిలో అంతకంటె ముఖ్యమైన సంగతి మరొకటి ఉంది. ప్రభుత్వంలో ఏ పదవీ లేని సలహాదారులు, ప్రచార వ్యాపారులు ఆ గ్రూపులో కూర్చుని ప్రభుత్వ వ్యవహారాలు చర్చించారు. అంటే అది స్నేహితుల కాలక్షేపం కాదు, గోడ చాటున నడిచిన కార్యాలయం. తుఫానులో ఇల్లు పోగొట్టుకున్నవాడి దరఖాస్తు మీద సంతకం పెట్టాల్సిన చేయి, అతణ్ని వెక్కిరించే చేయి ఒకటే అయినప్పుడు ఆ వెక్కిరింత వ్యక్తిగతం ఎలా అవుతుంది?

ఇక మన దగ్గరకు వద్దాం. 2015 ఆగస్టులో అప్పటి కేంద్రమంత్రి బండారు దత్తాత్రేయ, మానవ వనరుల శాఖ మంత్రి స్మృతి ఇరానీకి ఒక లేఖ రాశారు. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం కులతత్వ, తీవ్రవాద, జాతి వ్యతిరేక రాజకీయాలకు నెలవైందన్నది అందులోని ఆరోపణ. ఆ తరువాతి నెలల్లో మంత్రిత్వశాఖ నుంచి విశ్వవిద్యాలయానికి వరుసగా లేఖలు వెళ్లాయి. ప్రముఖుల లేఖల విషయంలో పాటించే మామూలు పద్ధతే అదని శాఖ తరువాత వివరణ ఇచ్చింది. ఐదుగురు దళిత పరిశోధక విద్యార్థులు హాస్టల్ నుంచి వెలి అయ్యారు. వారిలో ఒకరైన రోహిత్ వేముల 2016 జనవరి 17న ప్రాణం తీసుకున్నాడు. దేశం ఆ లేఖను చదివింది రోహిత్ పోయాకే. అధికారంలో ఉన్నవారు తన గురించి, తన సంఘం గురించి ఏం రాసుకుంటున్నారో ఆ విద్యార్థికి ముందే తెలిసి, వాదించుకునే అవకాశం దొరికి ఉంటే ఏమయ్యేదో ఇప్పుడు ఎవరూ చెప్పలేరు. ఆ అవకాశం దొరకలేదన్నది మాత్రం నిజం.

తరువాత జరిగింది గమనించండి. కేంద్రం నియమించిన రూపన్వాల్ కమిషన్ రోహిత్ తల్లి కులాన్ని విచారణకు పెట్టింది. ఆమె పుట్టుక, పెంపకం, దాంపత్యం ప్రభుత్వ కాగితాలకెక్కాయి, టీవీ చర్చలకెక్కాయి. రోహిత్ ఎస్సీ కాడంటూ తెలంగాణ పోలీసుల ముగింపు నివేదిక 2024లో మళ్లీ అదే చోట వేలుపెట్టింది. నిరసనలు వచ్చాక మరింత దర్యాప్తు జరుపుతామని పోలీసు శాఖ ప్రకటించాల్సి వచ్చింది. మంత్రి లేఖకు దక్కిన గోప్యతలో పదోవంతు ఆ తల్లి జీవితానికి దక్కలేదు. కొడుకు మరణానికి న్యాయం అడిగిన మనిషి తన జీవితాన్నే రుజువుగా చూపించుకోవాల్సి వచ్చింది.

ఇది ఒక్క ఉదంతంతో ఆగలేదు. 2018 ఆగస్టు 28న పుణె పోలీసులు వరవరరావును హైదరాబాద్‌లో అరెస్టు చేసిన రోజునే ఇఫ్లూ ఆచార్యుడు, దళిత మేధావి కె. సత్యనారాయణ ఇంటినీ సోదా చేశారు. దేవుళ్ల పటాలు లేకుండా ఫూలే, అంబేడ్కర్ల పటాలు ఎందుకు పెట్టుకున్నారని తమను అడిగారని ఆయన ఆ తరువాత విలేకరులకు చెప్పారు. మూడు రోజులకే మహారాష్ట్ర పోలీసు ఉన్నతాధికారి విలేకరుల సమావేశం పెట్టి, నిందితులవని చెబుతూ లేఖలు చదివి వినిపించారు. కేసు కోర్టు ముందుండగా అలా ఎలా చదువుతారని బొంబాయి హైకోర్టు ప్రశ్నించింది. బలహీనుల ఉత్తరాలు బహిరంగంగా చదవడానికి ఈ వ్యవస్థకు ఎన్నడూ నైతిక సందేహం కలగలేదు. నాయకుడి వాట్సాప్ బయటపడిన రోజునే గోప్యత గుర్తుకొస్తుంది.

అందుకని గోప్యత హక్కునే తీసిపారేద్దామంటే మునిగేది మనమే. 2017 ఆగస్టు 24న తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం పుట్టస్వామి కేసులో ఏకగ్రీవంగా నిలబెట్టిన ఆ హక్కు, పోలీసు నిఘా కింద బతికే కార్యకర్తకూ, ఇంటిపేరు చెబితే అద్దె ఇల్లు దొరకని ఉద్యోగికీ, కులాంతరం చేసుకుని ఊరు విడిచిన జంటకూ ప్రాణాధారం. అయితే అదే న్యాయస్థానం 1994లోనే రాజగోపాల్ కేసులో ఒక గీత గీసింది. ప్రభుత్వాధికారులు తమ విధి నిర్వహణకు సంబంధించిన చర్యల విషయంలో గోప్యత పేరు చెప్పి ప్రచురణను అడ్డుకోలేరని, ప్రచురించినవారు నిజానిజాలను బొత్తిగా ఖాతరు చేయకపోతేనే వారికి దావా ఉంటుందని ఆ తీర్పు సారాంశం. పదవికి, మనిషికి మధ్య ఉన్న ఆ గీతే ఈ చర్చకు ఆధారం కావాలి.

కులం విషయంలో ఈ గీత దగ్గర మరో చిక్కు ఉంది. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టంలోని 3(1)(ఆర్), 3(1)(ఎస్) నిబంధనలు నేరంగా చూసేది నలుగురికీ కనబడే చోట చేసిన అవమానాన్నే. నాలుగు గోడల మధ్య, బయటివారెవరూ లేనప్పుడు అన్న మాట ఆ నిర్వచనంలోకి రాదని 2020లో హితేశ్ వర్మ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఫేస్‌బుక్‌లో ప్రైవేటు అని గుర్తు పెట్టుకున్నంత మాత్రాన రాత ఈ చట్టాన్ని తప్పించుకోలేదని 2017లో ఢిల్లీ హైకోర్టు అన్నది. ఆ కేసులోని వ్యాఖ్యలు ఫిర్యాదుదారును ఉద్దేశించినవి కావని భావించి ఎఫ్ఐఆర్‌ను మాత్రం కొట్టివేసింది. శిక్షాస్మృతికి ఇలాంటి హద్దులు ఉండటం సబబే. కానీ కులం ఇవాళ వేదికల మీద అంబేడ్కర్ విగ్రహానికి దండ వేస్తుంది, మూసిన గ్రూపులో నోరు విప్పుతుంది. చట్టం చూపు ఆగిన చోటే కులం కాపురం పెట్టింది. అక్కడ జరిగేది నేరం కాకపోవచ్చు, ఓటరుకు తెలియాల్సిన సత్యం మాత్రం కావచ్చు. శిక్ష వేయడానికి కావలసిన కొలత వేరు, పదవికి అర్హతను తూచే కొలత వేరు.

సక్రమమైన దారులు మూసుకుపోయే కొద్దీ లీకుల మీద ఆధారపడటం పెరుగుతుంది. సమాచార హక్కు చట్టంలోని 8(1)(జె) వ్యక్తిగత సమాచారాన్ని ఆపుతూనే, విశాల ప్రజాప్రయోజనం ఉంటే ఇవ్వాలనేది. పార్లమెంటుకు నిరాకరించలేనిది పౌరుడికీ నిరాకరించరాదనేది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ఆ షరతులన్నీ తొలగించి, వ్యక్తిగత సమాచారం అన్న ఒక్క మాట మిగిల్చింది. ప్రజాప్రయోజనం కోసం ఇవ్వడానికి 8(2) ఉంది కదా అని ప్రభుత్వం అంటుంది. తూచే అధికారం సమాచారాన్ని దాచుకున్న కార్యాలయం చేతిలోనే ఉన్నప్పుడు ఆ తక్కెడ ఎటు మొగ్గుతుందో దరఖాస్తులు పెట్టి అలసిపోయినవారికి తెలుసు.

మా విద్యార్థి ఫోనులోని పేజీల దగ్గరకు మళ్లీ వస్తాను. ఇద్దరం కూర్చుని వాటిని విడదీశాం. అనారోగ్యం గురించినవి ఎవరికీ చూపకుండా చెరిపేయమన్నాను. ఆ నాయకుడు ఎంత చెడ్డవాడైనా రోగి చేసిన నేరం లేదు. నిధులకు సంబంధించినవి పత్రికకు ఇవ్వవచ్చునన్నాను. అయితే స్క్రీన్‌షాటును పది నిమిషాల్లో సృష్టించగల రోజులివి కనుక, మరమ్మతు పద్దుల కోసం ముందు సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టి, పైకప్పు ఫొటోలు తీసి, ఆ సందేశాలు నిజమో కాదో తేల్చుకోమన్నాను. నాయకుడి వివరణ అడగకుండా అచ్చు వేయవద్దని పత్రికవారికి చెప్పమన్నాను. పంపిన యువకుడి ఆనవాలు దొరికే ప్రతి గుర్తూ తీసేయమన్నాను. ఊరి పేరు, జిల్లా పేరు ఇక్కడ నేను రాయకపోవడానికి కారణమూ అదే.

పిల్లల కులం మీద వేసిన మాటల సంగతి అంత సులువుగా తేలలేదు. అవి అచ్చయితే ఆ నాయకుడి స్వభావం తెలుస్తుంది, నిజమే. అదే రోజు ఆ పిల్లలు బడిలో ఆ మాటలు మళ్లీ వింటారు. ఆధిపత్య కులాల పాఠకుడికి అది ఒక సంచలన వార్త, వారికి మాత్రం రోజూ తగిలే దెబ్బ. తిట్టును తు.చ. తప్పకుండా అచ్చువేయకుండానే, ఫలానా కులం మీద ఫలానా పదవిలో ఉన్నవాడు దూషణ చేశాడని రాయవచ్చు. ఆధారం పత్రిక దగ్గర భద్రంగా ఉంటే చాలు.

చివరికి మిగిలింది ఆ వంట చేసే మహిళ. ఆమె మీద ఏమన్నారో ఆ గ్రూపులోని వారికి తెలుసు, మా విద్యార్థికి తెలుసు, నాకూ తెలిసిపోయింది. ఆమెకు తప్ప అందరికీ తెలిసిన ఆ స్థితే నన్ను ఎక్కువగా సిగ్గుపరిచింది. ఆమెను అడగకుండా ఆ పేజీని బయటపెట్టే హక్కు నాకూ లేదు, పత్రికకూ లేదు, ఆమె తరఫున పోరాడతామనే ఏ సంఘానికీ లేదు. ‘ముందు ఆమె దగ్గరకు వెళ్లు. మీ అమ్మనో అక్కనో వెంట తీసుకుని వెళ్లు. ఏముందో చెప్పు, ఏం చేయమంటారో అడుగు’ అన్నాను.

అతను వెళ్లి వచ్చాడు. కొంచెం ఆలోచించుకుంటానని ఆమె అన్నదట. ఆమె ఇంకా ఆలోచిస్తూనే ఉంది. సమాచార హక్కు దరఖాస్తు మాత్రం వెళ్లింది.