చొక్కా మీద సీసా



మొన్న ఒక జుమా నాడు మా విద్యార్థి ఒకడు అత్తరు పూసుకుని, కొత్త టీషర్టు తొడుక్కుని మసీదుకు వచ్చాడు. దాని వీపు మీద పాతకాలపు అక్షరాలు, ఓక్ పీపా, చుట్టూ తీగల అల్లిక. అది ఒక అమెరికన్ విస్కీ సీసా లేబుల్ నమూనా. వెనుక వరుసలో ఉన్న మా చూపు నమాజులో రెండుసార్లు దాని మీదికి పోయింది. ముచ్చటపడి కొన్న తండ్రికి గానీ, ఇస్త్రీ చేసిన తల్లికి గానీ ఇంగ్లీషు రాదు.

నమాజు అనంతరం వాణ్ణి పక్కకు పిలిచి ఆ రాతకు అర్థం చెప్పాము. వాడు తెల్లబోయి, “నేను తాగలేదు కదా ఉస్తాద్!” అన్నాడు. ఆ ప్రశ్నకు న్యాయంగా జవాబు చెప్పవలసి ఉంది.

ఆ బొమ్మలో అందం లేదనలేము. రాగి పాత్రలు, లోపలి వైపు కాల్చిన ఓక్ పీపాలు, చేతితో తీర్చిన అక్షరాలు నిజమైన పనితనమే. బట్టీ పట్టే విద్య కూడా దోషి కాదు. ఆ పాత్రకు ఐరోపా భాషలలో ఉన్న ‘అలెంబిక్’ అనే పేరు అరబీ ‘అల్ అన్‌బీఖ్’ నుండి వచ్చినదే. ముస్లిం రసాయనవేత్తలు దానితో పన్నీరు తీశారు. కనౌజ్‌లో నేటికీ రాగి డేగులలో పూలను కాచి, ఆవిరిని చల్లార్చి అత్తరు తీస్తున్నారు. ఆ కుర్రవాడి ఒంటి మీది పరిమళమూ, వీపు మీది సీసా ఒకే విద్యకు పుట్టినవి. ఒకటి ధర్మసమ్మతం, మరొకటి నిషిద్ధం. తేడా పాత్రలో లేదు, దానిని వాడిన తీరులో ఉంది.

అయితే ‘వారసత్వం’ పేరిట అమ్ముడుపోయే బొమ్మ సగం కథే చెబుతుంది. టెనెసీ రాష్ట్రపు లించ్‌బర్గ్‌లో జాక్ డేనియల్‌కు విస్కీ తయారీ నేర్పినవాడు నేథన్ గ్రీన్ అనే నల్లజాతి బానిస. లేబుల్ మీద యజమాని పేరు లోకమంతా తిరిగింది. గురువు పేరును ఆ సంస్థ చాటి చెప్పినది 2016లోనే. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం ఒక్క 2019లోనే మద్యం కారణంగా 26 లక్షల మంది మరణించారు. ఆ సమాధులను ఏ చొక్కా మీదా అచ్చు వేయరు. సారా వారసత్వం ఎటువంటిదో మన నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు 1992లోనే ఎలుగెత్తి చెప్పారు.

మద్యం విషయంలో దైవప్రవక్త (స) శపించిన పది మందిలో తయారుచేసేవాడు, మోసేవాడు, అమ్మేవాడు, తాగేవాడు ఉన్నారు. దాని బొమ్మ తొడిగినవాడు ఆ జాబితాలో లేడు. కనుక తొందరపడి ఎవరినీ పాపాత్ములనరాదు. కానీ కూలి పుచ్చుకోకుండా, తెలియకుండానే ఆ సరుకుకు దండోరా వేస్తున్నాడన్నది వాస్తవం. ప్రవక్త (స) ఒకసారి చిత్రాలు నేసిన దుప్పటి ధరించి నమాజు చేశారు. దాని మీది అల్లిక దృష్టిని మరల్చిందని దానిని అబూ జహమ్‌ (రజి) వద్దకు పంపి, ఆయన సాదా దుప్పటి తెప్పించుకున్నారు. వట్టి అల్లిక విషయంలోనే అంత జాగ్రత్త ఉంటే, సీసా సంగతి వేరే చెప్పాలా?

ఇదే మేము వాడికి చెప్పాము. తండ్రిని మాత్రం ఏమీ అనవద్దన్నాము. ఆ చొక్కా ఆయన కష్టార్జితం, ఆయన ప్రేమ. వరుసలోనే గట్టిగా మందలించి ఉంటే నలుగురిలో తల వంచుకోవలసి వచ్చేది ఆయనే.

మరుసటి జుమాకు వాడు కాలరు వెలిసిన పాత తెల్ల కుర్తా వేసుకుని వచ్చాడు. అత్తరు మాత్రం అదే.

తల్లిదండ్రులారా! పిల్లలకు బట్టలు కొనే ముందు వాటి మీది రాతను చదవండి. చదవడం రాకపోతే బడికి పోయే మీ బిడ్డ చేతనే చదివించండి. అల్లాహ్ మన వస్త్రాలనూ, మన చూపులనూ పరిశుద్ధంగా ఉంచుగాక! ఆమీన్.