మురుగెవరిది? మంచినీళ్లెవరికి?

నీళ్లు శుద్ధి చెయ్యడం అగ్రకులాలకు పాత విద్యే. 1927 మార్చి 20న మహద్ చవదార్ చెరువులో బాబాసాహెబ్ అంబేద్కర్ దోసెడు నీళ్లు తాగారు. చెరువు మైలపడిందని 108 కుండల పేడ, పంచితం, పాలు, పెరుగు పోసి శుద్ధి చేశారు! మనిషి ముట్టిన నీళ్లు మురుగట, పేడ కలిపితే మంచినీళ్లట. 1985 జులైలో కారంచేడులో మన రక్తం పారిందీ తాగే చెరువులో మురికి కలపొద్దన్నందుకే.

అసలు శుద్ధి వేరే ఉంది. ఆఫ్రికాలో నమీబియా మన అనంతపురం సీమకన్నా ఎండు దేశం. దాని రాజధాని విండ్‌హోక్‌లో 1968 నుంచే పట్నం మురుగును శుభ్రం చేసి మంచినీళ్లలో కలిపి కొళాయిలకు వదులుతున్నారు. సూక్ష్మజీవులతో కుళ్లు తినిపిస్తారు. ఆపైన ఓజోన్, బొగ్గు, సన్నపొరల వడపోత, చివర క్లోరిన్. ఒక మెట్టు తప్పితే ఇంకో మెట్టు కాస్తుంది.

మరి మన పక్కన? ఆమడగూరు దాటి కర్ణాటకలోకి పోతే బాగేపల్లి, చిక్కబళ్లాపురం, ఆపైన కోలారు. మనలాగే బోర్లెండి ఫ్లోరైడు నీళ్లు తాగిన పల్లెలు, తెలుగు మాట్లాడే పల్లెలు. 2018 నుంచి బెంగళూరు మురుగును రెండో మెట్టు దాకా శుద్ధి చేసి కోలారు చెరువులకు తోలుతున్నారు. ఆ జులైలోనే లక్ష్మీసాగర చెరువులో నురగ లేచింది. హైకోర్టు కొన్నాళ్లు ఆపించింది, తర్వాత మళ్లీ వదిలారు. బోర్లు ఊరిన మాట నిజమే, కాదనం. "ఇవి తాగడానికి కాదు, భూమిలో ఇంకడానికే" అంటారు. ఇంకినవి ఎక్కడికి పోతాయయ్యా? బోరులోకి. బోరు నీళ్లు? బిందెలోకి! బెంగళూరుకేమో కావేరి, కోలారుకేమో బెంగళూరు కడిగిన నీళ్లు.

ఆ మురుగు కాల్వల్లో దిగి ఊపిరాడక చచ్చేదెవరు? మనవాళ్లే. మనిషిని దించకూడదని 2013లో చట్టం చేశారు. ఇంకా దించుతూనే ఉన్నారు.

రేపు హిందూపురం, ధర్మవరం మురుగు శుద్ధి చేసి మనకిస్తామని వస్తే రానీ, మేం వద్దనం. కానీ ధర్మవరం పట్టు అద్దకం నీళ్లు అందులో కలపకూడదు, రంగుమందులు సూక్ష్మజీవులకు సులువుగా లొంగవు. మూడో మెట్టు కాకుండా చుక్క వదలకూడదు. పరీక్షల లెక్క నెలనెలా పంచాయతీ గోడమీద తెలుగులో రాయాలి. ట్యాంకు ఊళ్లో, ఒంటి కొళాయి వాడ చివర అంటే కుదరదు: ఊరికీ వాడకూ ఒకే ట్యాంకు, ఒకే పైపు. మొదటి చెంబు గ్రామసభలో అందరి ముందూ ఊరిపెద్దలు తాగాలి. ఆ తర్వాత మా బిందెలు పెడతాం.