ఒకడు తక్కువయ్యాడు, రా తమ్ముడూ!

వారానికి దొరికేది ఒక్క శుక్రవారం. ఆ రోజు జెద్దాలో మన కుర్రాళ్లుండే క్యాంపు గదుల్లోకి ఓసారి తొంగి చూడండి. పది దాటినా దుప్పటి ముసుగు తియ్యరు. తీస్తే చేతిలో సెల్లు. ఇంత తిని మళ్లీ నిద్ర. సాయంత్రం ఇంటికి ఫోను. అంతే, సెలవు చెల్లు!

కాసేపు బయటికి రండిరా అంటే జవాబు సిద్ధం: "అన్నా, ఆరు రోజులూ బయటే కదా ఉన్నాం!" నిజమే. సైట్ల మీద సూపర్‌వైజర్లుగా ఉన్న మాకు తెలియనిదా? జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12 నుంచి 3 వరకు ఎండలో పని చేయించకూడదని ఇక్కడి నిబంధన. ఆ మూడు గంటలు పోయినా మిగతా పూట ఉక్కపోత తక్కువేం కాదు. ఎర్ర సముద్రం పక్క ఊరు కదా, రాత్రిళ్లూ చెమట ఆరదు. కానీ ఫోర్‌మన్ కేకేస్తే బయటికి రావడం వేరు, మనసు పుట్టి రావడం వేరు. మొదటిది ఒళ్లు హూనం చేస్తుంది. రెండోది ఆ అలుపునే మరిపిస్తుంది.

మరి మనసు ఎలా పుడుతుంది? ఆరోగ్య సూత్రాలు చెబితే పుట్టదు. వారానికి కనీసం 150 నిమిషాలు ఒళ్లు వంచాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పాతికేళ్ల వాడికి అది చెవికెక్కుతుందా? సదుపాయాలున్నా చాలదు. వారానికి ఒక్కసారైనా వ్యాయామం చేసేవాళ్లను 13 శాతం నుంచి 40 శాతానికి పెంచుతామని సౌదీ ప్రభుత్వం 2016లో ప్రకటించిన ‘విజన్ 2030’లో రాసుకుంది. 2017లో కార్నిష్‌ను కొత్తగా తీర్చిదిద్ది తెరిచారు. నడవడానికి చక్కటి బాటలున్నాయి. అయితే బాట ఎవర్నీ పేరు పెట్టి పిలవదు కదా!

పిలిచేది మనిషే. మా క్యాంపులో జరిగిన సంగతే చెబుతాం. జగిత్యాల వైపు నుంచి వచ్చిన ఓ కుర్రాడు మూడు నెలలు ఎవరితోనూ కలవలేదు. ఏజెంటుకు కట్టిన అప్పు, ఇంటి దిగులు. ఓ శుక్రవారం తెల్లవారుజామున క్రికెట్‌కు ఒకడు తక్కువయ్యాడు. "నువ్వు లేకపోతే ఆట లేదురా" అని లేపితే కళ్లు నులుముకుంటూ వచ్చాడు. టేపు చుట్టిన టెన్నిస్ బంతితో రెండు వికెట్లు తీశాడు. ఇప్పుడు అందరి తలుపులూ తట్టి లేపేది వాడే!

2024 నవంబర్ 24, 25 తేదీల్లో ఐపీఎల్ వేలం ఈ జెద్దాలోనే జరిగింది. హైదరాబాద్ ఆటో డ్రైవర్ కొడుకు మహమ్మద్ సిరాజ్‌ను గుజరాత్ జట్టు 12.25 కోట్లకు కొనుక్కుంది. ఆ రాత్రి గదుల్లో అదే ముచ్చట. అలాగని మనవాళ్లు కోట్ల కోసం ఆడరు. సైటులో వాడు హెల్పరు, హెల్మెట్ మీద ఒక నంబరు. మైదానంలో వాడికో పేరుంది, వాడి కోసం ఎదురుచూసే పదిమంది ఉన్నారు. కుర్రాణ్ని మంచం దింపేది అదే.

ఇది ఒట్టి ఆటల ముచ్చట కాదు. గదిలో ఒంటరిగా కుమిలి కుమిలి మనిషి కాకుండా పోయినవాళ్లను మేం చూశాం. అలసిపోయాడేమోలే అనుకుని ఆలస్యంగా మేలుకున్నాం. ఆ తప్పు మాది. గురువారం రాత్రి ఓవర్‌టైం లిస్టు పెట్టి కుర్రాళ్ల శుక్రవారాన్ని మింగిందీ మేమే.

అందుకే తోటి సూపర్‌వైజర్లకు మా మనవి. ఓవర్‌టైం లిస్టు కన్నా ముందు జట్టు లిస్టు రాయండి. ఆట రానివాడిని స్కోరు రాయమనండి, లేదా కార్నిష్ మీద నడకకు వెంటబెట్టుకెళ్లండి. ఎండాకాలం ఎనిమిదిలోపే ముగించండి. కంపెనీ యాజమాన్యాలు శుక్రవారం పొద్దున ఒక్క బస్సు, నాలుగు క్యాన్ల నీళ్లు ఇస్తే చాలు, వాళ్ల సొమ్మేం తరిగిపోదు.

వచ్చే శుక్రవారం పక్క గది తలుపు తట్టండి. ఉపన్యాసాలొద్దు. "ఒకడు తక్కువయ్యాడు, రా తమ్ముడూ" అనండి చాలు. వాడు వస్తాడు.